బండి బాగోగులు: హ్యాండిల్ మీద జీపీఎస్ నిలబడేదెట్లా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. ఫోనో, జీపీఎస్ యూనిటో హ్యాండిల్ మీద కుదురుగా ఉండటం లేదని. అందుకని మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఈ సంచిక దీనికే ఇస్తున్నాం.

ప్ర: స్ప్లెండర్‌కు ఫోన్ హోల్డర్ పెట్టించిన. ఎంత బిగించినా నర్సంపేట రోడ్డు మీద గుంత తగిలితే చాలు, ముందుకు ఒరిగి మీటరు మీద పడుతున్నది. ఇప్పటికి రెండు మార్చిన. మూడోది ఎసొంటిది తీసుకోవాలె?
– గీసుగొండ పాఠకుడు

జ: మూడోది కొనేముందు ఒక దారం ముక్క తీసుకోండి. క్లాంపు (హోల్డర్‌ను పైపుకు బిగించే పట్టు) కూర్చునే చోట హ్యాండిల్ పైపుకు ఒక్క చుట్టు చుట్టి, ఆ పొడవును స్కేలు మీద కొలవండి. దాదాపు 70 మి.మీ. వస్తే మీ పైపు వ్యాసం 22 మి.మీ. 80 వస్తే 25, 90 వస్తే 28 పైచిలుకు. స్ప్లెండర్ లాంటి బండ్లకు 22 వస్తుంది. కొన్ని పెద్ద బండ్లకు పైపు నడుమ 28 ఉండి, గ్రిప్పుల దగ్గరికి వచ్చేసరికి 22కు సన్నబడుతుంది. ఆ వాలు మీద క్లాంపు పెడితే దేవుడు కూడా దాన్ని ఆపలేడు, సన్నంగా ఉన్న వైపుకు జారుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ హోల్డర్ డబ్బా చూడండి. "22 నుంచి 32 మి.మీ. వరకు" అని రాసి ఉంటుంది. అంటే క్లాంపు నోరు 32కు తయారుచేసి, సన్న పైపులకు లోపల రబ్బరు ముక్కలు కుక్కమంటున్నారన్న మాట. మీ బాధంతా ఆ రబ్బరులోనే ఉంది. మందం రబ్బరును బిగిస్తే అది పక్కలకు పొంగుతుంది తప్ప పైపును పట్టదు. ఎండకు మెత్తబడి ఇంకాస్త నలుగుతుంది, దాంతో బోల్టు బిగువు పోతుంది. మీరు మళ్లీ బిగిస్తారు, అది మళ్లీ నలుగుతుంది. చివరికి క్లాంపు రెండు దవడలూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆ తర్వాత ఎంత తిప్పినా సాగేది బోల్టే. బిగించాక దవడల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు కనబడాలి. కనబడలేదంటే ఆ క్లాంపు మీ పైపుకు పెద్దదని అర్థం.

తేడా ఒక మిల్లీమీటరు లోపుంటే పాత సైకిల్ ట్యూబు ఒక్క పొర చాలు. రెండు పొరలు వద్దు. ఒక దాని మీద ఒకటి జారతాయి. తేడా ఎక్కువుంటే లేత్ షాపుకు వెళ్లి అల్యూమినియం బుష్ (పైపుకు తొడిగే గొట్టం ముక్క) చేయించుకోండి. లోపలి కొలత పైపుకు, బయటి కొలత క్లాంపుకు సరిపోవాలి, గోడ మందం 2 మి.మీ.కు తగ్గకూడదు. తయారయ్యాక పొడవునా ఒకచోట రంపంతో కోయించాలి. ఆ చీలిక ఉంటేనే బుష్ ముడుచుకుని పైపును పట్టుకుంటుంది. చీలిక పెట్టించడం మరిచిపోయి "బుష్ వేసినా తిరుగుతున్నది" అనేవాళ్లు చాలామంది.

బిగించే పద్ధతి కూడా చెప్పుకుందాం. ముందు పైపును స్పిరిట్‌తో తుడవండి. చైన్ ల్యూబ్, పాలిష్, చేతి జిడ్డు ఏది మిగిలినా పట్టు దొరకదు. రెండు బోల్టులుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరికి పోకండి. అరచుట్టు ఇటు, అరచుట్టు అటు, సందు రెండు వైపులా సమానంగా తగ్గేటట్టు తిప్పండి. ఎం6 బోల్టు లోహపు క్లాంపులో ఉంటే 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) లేకపోతే మామూలు పొట్టి అల్లెన్ కీని రెండు వేళ్లతో గట్టిగా తిప్పినంత. దానికి పైపు తొడిగి తిప్పితే అల్యూమినియంలో మరలు ఊడొస్తాయి. నట్టు నైలాన్ రింగు ఉన్నది వాడండి. 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 500 తిరిగాక మరోసారి బిగువు చూడండి. బోల్టు తల మీదుగా క్లాంపు మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీసి పెట్టండి. గీత విరిగి పక్కకు జరిగితే బోల్టు వదులైందని దూరం నుంచే తెలుస్తుంది.

మరలకు గమ్ము వేయాలనుకుంటే నీలం రంగు లాక్‌టైట్, అదీ లోహానికి లోహం తగిలే చోట మాత్రమే. ప్లాస్టిక్ హోల్డర్ మీద పడితే ఏబీఎస్, పాలికార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లు వెంట్రుక మందాన పగుళ్లిచ్చి, కొన్నాళ్లకు ఉన్నట్టుండి విరుగుతాయి. ఎర్ర లాక్‌టైట్ దగ్గరికే పోవద్దు, వేడి చేస్తే తప్ప ఊడదు.

ఇక ముందుకు ఒరగడానికి రెండో కారణం చేయి పొడవు. 200 గ్రాముల ఫోను క్లాంపుకు 5 సెం.మీ. దూరంలో ఉన్నప్పటికన్నా 15 సెం.మీ. దూరంలో ఉంటే మూడింతల బలంతో తిప్పుతుంది. గుంతలో పడ్డప్పుడు అదే ఫోను కిలో బరువులా లాగుతుంది. అందుకే బంతి కీలు మౌంట్లలో పొట్టి చేయి ఉన్నదే తీసుకోండి. ఒక అంగుళం బంతి, కింద యు-బోల్టు, పైన పొట్టి చేయి ఉంటే మన రోడ్లకు సరిపోతుంది. ఆ బంతి మీద రబ్బరు పూత ఉంటుంది, "తిరగడం లేద"ని నూనె చుక్క వేశారా, పట్టు పోయినట్టే.

ప్ర: హిమాలయన్‌కు గార్మిన్ జుమో కొన్న. యూనిట్ కూర్చునే క్రేడిల్ వెనక నాలుగు రంధ్రాలున్నయి. దేనికి సరిపోతయి? మౌంటు ఊడితే యూనిట్ పోతదని భయం.
– మంచిర్యాల పాఠకుడు

జ: ఆ నాలుగు రంధ్రాలు 30 × 38 మి.మీ. కొలతలో ఉంటాయి. దీన్ని ఆంప్స్ నమూనా అంటారు. వేరే కంపెనీ మౌంటు అయినా ఆ నమూనా పలక ఉంటే నేరుగా కూర్చుంటుంది. ఎం4 స్క్రూలు నాలుగూ వేయండి, "రెండు చాల్లే" అనుకోవద్దు. క్రేడిల్ ప్లాస్టిక్కే కాబట్టి స్క్రూ తల కింద వాషరు పెట్టి, నట్టు వెనక వైపు నైలాన్ రింగుది వేయండి.

మీ యూనిట్ దాదాపు 260 గ్రాములుంటుంది. మౌంటు మీద ఎంత నమ్మకమున్నా రెండో ఆసరాగా తాడు ఒకటి ఉండాల్సిందే. ఒకటిన్నర మి.మీ. స్టీలు తీగ లేదా గట్టి నైలాన్ తాడు తీసుకుని, ఒక కొస యూనిట్‌కో క్రేడిల్‌కో, రెండో కొస మౌంటుకు కాదు, హ్యాండిల్ పైపుకే కట్టండి. మౌంటుకు కడితే మౌంటుతోపాటే పోతుంది. తాడు 15 సెం.మీ. మించకూడదు. పొడవుంటే ఊడిన యూనిట్ వెళ్లి ముందు చక్రం పుల్లల్లో పడుతుంది, అప్పుడు పోయేది యూనిట్ ఒక్కటే కాదు.

అన్నీ బిగించాక బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూడండి. ట్యాంకుకు తగలకూడదు, తాళంచెవి చేతికి అందాలి, క్లచ్ తీగ, బ్రేక్ పైపు ఎక్కడా లాగకూడదు. తర్వాత ఇంజన్ ఆన్ చేసి అటూ ఇటూ తిప్పండి. తిప్పుతుంటే ఇంజన్ చప్పుడు పెరిగితే థ్రాటిల్ తీగ చిక్కుకుందని గుర్తు. వెంటనే ఆపి సరిచేయండి. మలుపులో యాక్సిలరేటర్ తనంతట తాను లాగితే ఏమవుతుందో చెప్పక్కరలేదు.

ప్ర: ఐఫోన్ బండి మీద పెడితే కెమెరా పాడైతదంటున్నరు. నిజమేనా, భయపెడుతున్నరా?
– హనుమకొండ పాఠకురాలు

జ: నిజమేనండి. 2021 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీయే ఆ హెచ్చరిక ఇచ్చింది. ఫొటో వణకకుండా చూసేందుకు కెమెరా లోపల లెన్సు ఒక చిన్న అయస్కాంత తొట్టెలో వేలాడుతూ ఉంటుంది. ఇంజన్ ప్రకంపన గంటల తరబడి తగిలితే ఆ తొట్టె దెబ్బతింటుంది. అప్పుడు తెర మీద బొమ్మ తనంతట తాను అలలు అలలుగా కదులుతుంది, ఫోకస్ కుదరదు. ఇలాంటి లెన్సు ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇదే ముప్పు.

సింగిల్ సిలిండర్ ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే సెకనుకు దాదాపు 67 సార్లు హ్యాండిల్‌ను కొడుతుంది. బుల్లెట్ లాంటి పెద్ద సింగిల్‌లో ఆ దెబ్బ ఇంకా గట్టిది. కాబట్టి ప్రకంపన తగ్గించే రబ్బరు గుండీలున్న మౌంటు వాడండి. ఆ గుండీలు ఏడాది, రెండేళ్లకు గట్టిపడతాయి, మార్చాలి. ఇంతకన్నా తేలికైన దారి ఒకటుంది. ఇంట్లో పాత ఫోను ఏదైనా ఉంటే దాన్ని బండికి కేటాయించి, మంచి ఫోన్‌ను జేబులో పెట్టుకోండి. పాతదాని కెమెరా పోయినా ఎవరికీ బాధ లేదు.

ప్ర: యాక్టివాకు హ్యాండిల్ పైపు బయటికి కనబడదు. క్లాంప్ ఎక్కడ పెట్టాలె? మా తమ్ముడిది ఆర్15, దానికీ అదే కష్టం.
– కాజీపేట పాఠకుడు

జ: స్కూటరుకు అద్దం కాడే దిక్కు. అద్దం విప్పి, దాని కింద ఎల్ ఆకారపు పట్టీ పెట్టి మళ్లీ బిగించడమే. పట్టీ 3 మి.మీ. ఇనుముది తీసుకోండి, రేకులాంటిది వద్దు, అది తోకలా ఊగుతుంది. ఆర్15కు రెండు హ్యాండిళ్లు వేరువేరుగా ఉంటాయి కనుక నడుమ స్టీరింగ్ కాడ నట్టులో ఉన్న రంధ్రంలోకి దిగి, బోల్టు తిప్పితే లోపల వ్యాకోచించి పట్టుకునే మౌంటు దొరుకుతుంది. రంధ్రం కొలత చూసుకుని కొనండి.

ఒక్క జాగ్రత్త. యమహా బండ్లలో చాలావాటికి కుడి అద్దం మరలు ఎదురు తిప్పుడు. విప్పుతున్నామనుకుని బలంగా బిగించి, మరలు పాడుచేసుకునేవాళ్లున్నారు. విప్పేముందు ఒకసారి సరిచూసుకోండి.

ప్ర: జీపీఎస్‌కు చార్జింగ్ వైరు బండి నుంచి తీసుకోవాలె. మెకానిక్ హారన్ వైరుకు కలిపిండు, రెండు రోజులకు ఫ్యూజు కొట్టింది. ఇంకోసారి చేస్తే అసలు యూనిటే ఆన్ కాలె. సరైన పద్ధతి చెప్పండి. కారులో వాడిన పాత యూనిట్ అది.
– పరకాల పాఠకుడు

జ: రెండు వేర్వేరు తప్పులు జరిగినట్టున్నాయి. రెండోదాని సంగతి ముందు. కారు జీపీఎస్ యూనిట్లు చాలావాటికి కావలసింది 5 వోల్టులు. కారు లైటర్ సాకెట్‌లో పెట్టే ప్లగ్గు లోపల 12 వోల్టులను 5కు దించే చిన్న బోర్డు ఉంటుంది. ఆ ప్లగ్గు కోసేసి వైరును నేరుగా బ్యాటరీకి కలిపితే యూనిట్ మాడిపోతుంది. మీది ఒక్కసారికే ఆగిపోయిందంటే ఇదే అయ్యుండాలి. బైకుల కోసం చేసిన యూనిట్ల క్రేడిల్ 12 వోల్టులు నేరుగా తీసుకుంటుంది. మిగతావాటికి నీరు చొరని 12 వోల్టుల యూఎస్‌బీ చార్జరు నడుమ ఉండాలి. కారు యూనిట్‌కు వాన తట్టుకునే శక్తి కూడా ఉండదు, కాబట్టి కొత్తది కొనేటట్టయితే బైకు యూనిట్టే చూడండి.

ఇప్పుడు వైరింగు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు కావాలి. టెస్ట్ ల్యాంపుతో వెతకండి. తాళం ఆన్‌లో వెలగాలి, ఆఫ్‌లో ఆరిపోవాలి. రంగును చూసి ఊహించొద్దు. హీరో, హోండా బండ్లలో నల్ల వైరు ఎర్త్ కాదు, తాళం తర్వాత వచ్చే ప్లస్! ఆకుపచ్చది ఎర్త్. నలుపును ఎర్త్ అనుకుని బండి బాడీకి కలిపితే ఫ్యూజు కొట్టక ఏం చేస్తుంది? మీ మొదటి తప్పు అదే కావచ్చు.

చార్జరు 18 వాట్లదైతే 12 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు, నష్టాలతో కలిపి 2 లోపే లాగుతుంది. ఆ మాత్రానికి తాళం వైరు నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజుతో తీసుకున్నా నడుస్తుంది. అంతకన్నా పెద్ద చార్జరైనా, రేపు ఫాగ్ లైట్లు పెట్టే ఆలోచన ఉన్నా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) వేయండి. నాలుగు కాళ్ల 12 వోల్టుల రిలేలో 30 అంకె ఉన్న కాలుకు బ్యాటరీ ప్లస్, దారిలో ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి 15 సెం.మీ. లోపే ఉండాలి. 87 నుంచి చార్జరుకు. 86కు తాళం వైరు. 85కు ఎర్త్. తాళం వైరు మీద పడేది రిలే చుట్ట లాగే 0.15 ఆంపియరు ఒక్కటే. చార్జరు ఎర్త్‌ను బాడీ స్క్రూకు కాకుండా బ్యాటరీ మైనస్‌కే తీసుకెళ్లండి. రంగు వేసిన ఫ్రేము మీద ఎర్త్ సరిగా అందదు, ఫోను చార్జింగు వస్తూ పోతూ ఉంటుంది.

వైరు మందం 0.75 లేదా 1 చదరపు మి.మీ., రాగి పోగులది. జాయింటు మెలేసి టేపు చుట్టడం మానండి. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి, లేదా బుల్లెట్ కనెక్టరు నొక్కించండి. హ్యాండిల్ మెడ దగ్గర వైరు వదులుగా ఒక మెలిక వేసి ఉండాలి, నిటారుగా లాగితే అటూ ఇటూ తిరిగి తిరిగి పోగులు లోపలే తెగుతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంటుంది, మీరు చార్జరును తిడుతూ కూర్చుంటారు. చార్జరుకు చేరేముందు వైరు కిందికి వంగి మళ్లీ పైకి రావాలి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఇక యూఎస్‌బీ పిన్ను. దాని బరువు యూనిట్ సాకెట్ మీద పడకూడదు. వైరును పిన్నుకు 4–5 సెం.మీ. దూరంలో క్రేడిల్‌కే జిప్ టై వేసి కట్టండి. హ్యాండిల్‌కు కడితే యూనిట్ ఒక తీరు, వైరు ఒక తీరు వణికి సాకెట్ సోల్డర్ ఊడిపోతుంది.

ప్ర: ఎండకాలం రామగుండం పోతుంటే ఫోను 'వేడెక్కింది' అని చెప్పి మ్యాపు ఆపేస్తున్నది. పౌచ్‌లో పెట్టిన, అయినా అంతే.
– గోదావరిఖని పాఠకుడు

జ: పౌచ్ వల్లే ఇంకా ఎక్కువవుతోంది. అది వానకాలపు వస్తువు. పారదర్శక ప్లాస్టిక్ ఎండను లోపలికి రానిస్తుంది, గాలిని రానివ్వదు. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ అంటుంది. మీ దగ్గర మేలో 45 దాటుతుంది. పౌచ్ తీసేయండి, వెనక గాలి ఆడే అస్థిపంజరం లాంటి హోల్డరు వాడండి, చార్జింగు తీసేసి నడపండి (చార్జింగుతో వేడి ఇంకా పెరుగుతుంది), వెలుతురు తగ్గించండి. చాయ్‌కి ఆగితే ఫోన్‌ను బండి మీద వదలకండి. మధ్యాహ్నం ఎక్కువ దూరాలు తిరిగేవాళ్లకు బైకు జీపీఎస్ యూనిట్టే మేలు, వాటిని సుమారు 55 డిగ్రీల దాకా తట్టుకునేటట్టు చేస్తారు.

ప్ర: పస్రా దాటి తాడ్వాయి అడవిలకు పోంగనే మ్యాపు ఆగిపోతది. జీపీఎస్ యూనిట్ కొంటే సిగ్నల్ వస్తదా అన్నా?
– ములుగు పాఠకుడు

జ: తమ్ముడూ, ఆగిపోయేది జీపీఎస్ కాదు, ఇంటర్నెట్. ఉపగ్రహాల సంకేతం అడవిలోనూ వస్తుంది. టవరు లేక మ్యాపు బొమ్మ దిగడం లేదంతే. ములుగులోనే ఏటూరునాగారం, మేడారం, వాజేడు దాకా మ్యాపును ఫోన్‌లోకి దించుకుని బయలుదేరు, కొత్త యూనిట్ అవసరం లేదు. ఫోన్‌ను అడవి మధ్యలో ఆన్ చేస్తే మాత్రం చోటు దొరకడం ఆలస్యం కావచ్చు. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికి 30 సెకన్లు పడుతుంది, కొమ్మలు అడ్డమొస్తే మళ్లీ మొదటికే. ఆకాశం కనబడే చోట రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడు.

ప్ర: హ్యాండిల్ మీద ఫోన్ ఉంటే చలానా వేస్తరా?
– కరీంనగర్ పాఠకుడు

జ: 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, నడిపేవారి దృష్టి చెదరకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడుకోవచ్చు. చేత్తో పట్టుకుని మాట్లాడటం, వాట్సాప్ చూడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కిందికి వస్తాయి. గమ్యం బండి కదలకముందే పెట్టుకోండి.

ప్ర: దొంగల భయానికి సీటు కింద జీపీఎస్ ట్రాకర్ పెట్టించిన. నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ లేస్తలేదు. ట్రాకర్ తప్పా, బ్యాటరీ తప్పా?
– జమ్మికుంట పాఠకుడు

జ: కొలిస్తే తప్ప చెప్పలేం, కొలవడం కష్టమూ కాదు. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఒక తీగ బ్యాటరీకి, రెండోది విప్పిన వైరుకు ఆనించండి. తాళం ఆఫ్‌లో ఉండాలి. ట్రాకర్ నిద్రలోకి జారుకోవడానికి పది నిమిషాలు ఆగి అంకె చూడండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

లెక్క తేలికే. 100 సీసీ బండ్ల బ్యాటరీ చాలావరకు 3 ఆంపియర్-అవర్లది. మీటరు 50 మిల్లీ ఆంపియర్లు చూపిస్తే 60 గంటల్లో అంతా ఖాళీ, అంటే రెండున్నర రోజులు. 5 చూపిస్తే 600 గంటలు, అప్పుడు తప్పు ట్రాకర్‌ది కాదు, బ్యాటరీ ముసలిదైందన్న మాట. ఎక్కువ చూపిస్తే చాలావరకు కారణం ఒకటే. ట్రాకర్‌కు ఎరుపు, నలుపు కాక మూడో వైరు ఉంటుంది, అది తాళం వైరుకు కలపాలి. అది కలపకుండా వదిలేసినా, నేరుగా బ్యాటరీకి కలిపినా బండి ఆగిందన్న సంగతి ట్రాకర్‌కు తెలియదు, నిద్రపోదు. చాలా మోడళ్లలో ఆ వైరు నారింజ రంగుది.

ట్రాకర్ కూర్చున్న చోటూ చూడండి. యాంటెనా ఉన్న ముఖం ఆకాశం వైపు ఉండాలి. పైన సీటు స్పాంజి, ప్లాస్టిక్ ఉన్నా పర్లేదు, ఇనుప పలక ఉండకూడదు. రెండువైపులా అంటుకునే టేపు ఒక్కదాన్నే నమ్మితే ఎండకు ఊడిపోతుంది, కింద స్పాంజి ముక్క పెట్టి రెండు జిప్ టైలు వేయండి. సిమ్ కార్డు మార్చే ఆలోచన ఉంటే ముందు మీ ట్రాకర్ 2జీనా 4జీనా చూసుకోండి. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు, 2జీ ట్రాకర్లో ఆ సిమ్ వేస్తే దీపం వెలుగుతుంది కానీ బండి ఎక్కడుందో ఎప్పటికీ చెప్పదు.